కుర్సుర కిట్ విశాఖలో చేయాలా, చైనాలో చేయించాలా? కూలి, సుంకాల లెక్క

మీరు అడిగింది ఇది. సీతమ్మధారలో లేజర్ కటింగ్ మెషిన్ పెట్టుకుని బీచ్ రోడ్డులో ఉన్న ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామికి, దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానానికి చెక్క కిట్లు చేసి అమ్ముతున్నారు. ఇప్పుడు ప్లాస్టిక్ కిట్లలోకి దిగాలనుకుంటున్నారు. చైనా నుంచి ఒక కొటేషన్, హైదరాబాద్ నుంచి ఒక కొటేషన్ వచ్చాయి. చైనాది తక్కువగా ఉంది. "అక్కడ కూలి చవక కదా, అక్కడే చేయించి తెప్పించుకుంటే పోలా? 70 శాతం సుంకం అంటున్నారు, నిజమేనా? అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతున్నారు, వాళ్లకు పంపితే అక్కడి టారిఫ్‌ల సంగతేంటి?"

నేను గాజువాక ఆటోనగర్‌లో ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగించిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి కొట్టి వస్తువులు తీసే) షాపు నడిపాను. అంతకు ముందు దువ్వాడ సెజ్‌లో ఒక యూనిట్‌కి ఎగుమతి, దిగుమతి కాగితాలు చూసేవాణ్ణి. మోడల్ కిట్లు కట్టడం చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

మొదట కూలి సంగతి. చైనా కొటేషన్ తక్కువ ఉండటానికి కారణం కూలి అనుకుంటున్నారు. కిట్ విషయంలో అది దాదాపు తప్పు. కిట్ అంటేనే అతికించే పని, రంగు వేసే పని కొనుక్కున్నవాడికి అప్పజెప్పడం. ఫ్యాక్టరీలో మనిషి చెయ్యి పడేది ఎక్కడ? మెషిన్‌లోంచి వచ్చిన ఫ్రేములను చూసి, కవర్లలో పెట్టి, డెకాల్ షీటు (మోడల్ మీద అతికించే గుర్తులు, అక్షరాలు), కట్టే విధానం కాగితం జతచేసి, డబ్బా మూయడం. ఒక కిట్‌కి 6 నిమిషాలు అనుకుందాం. పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ అన్నీ కలిపి ఒక మనిషికి రోజుకు 700 రూపాయలు పడుతుంది అనుకుందాం. 8 గంటలంటే 480 నిమిషాలు, అంటే నిమిషానికి రూపాయిన్నర కూడా కాదు. కిట్‌కి 9 రూపాయలు. ఇంకో దేశంలో ఇందులో సగానికే చేస్తామన్నా మీకు మిగిలేది నాలుగున్నర రూపాయలు. 1,500 రూపాయలకు అమ్మే డబ్బాలో నాలుగున్నర రూపాయల కోసం సముద్రం దాటడం ఎందుకు? నా అంకెలు మార్చి మీ అంకెలు పెట్టుకున్నా ఫలితం పెద్దగా మారదు.

అదే రంగు వేసి, అక్షరాలు ముద్రించి, అద్దాలు అతికించి అమ్మే డైకాస్ట్ (లోహం పోత పోసిన) కారో, మోడల్ రైలింజనో అయితే కథ వేరు. ఒక్కోదానికి గంటన్నర చేతిపని పడితే అదే లెక్కన 131 రూపాయల కూలి. అక్కడ కూలిలో తేడా నిజంగా కనిపిస్తుంది. బ్రిటన్ కంపెనీ హార్న్‌బీ 1990లలో రైళ్ల తయారీని మార్గేట్ నుంచి చైనాకు మార్చింది ఇందుకే. చైనాలో కూలి గత 20 ఏళ్లలో చాలా రెట్లు పెరిగింది కాబట్టి ఆ రకం పని ఇప్పుడు వియత్నాం వైపు, ఇండియా వైపు కదులుతోంది. కిట్లను మాత్రం ఆ లెక్కతో చూడకూడదు.

నమ్మకం లేకపోతే మంచి కిట్లు ఎక్కడ తయారవుతున్నాయో చూడండి. బాండాయ్ గండమ్ కిట్లు జపాన్‌లోని షిజువోకాలో. ఎడ్వార్డ్ విమానాలు చెక్ రిపబ్లిక్‌లోని ఓబర్నిట్సేలో. గేమ్స్ వర్క్‌షాప్ ప్లాస్టిక్ బొమ్మల సెట్లు ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో. కూలి చవక అని ఈ ఊళ్లలో ఏ ఒక్కదాన్నీ అనలేం. అయినా కదల్లేదు. ఎందుకంటే వాళ్ల ఖర్చంతా డిజైన్‌లోనూ డైలోనూ (ప్లాస్టిక్ పోసే లోహపు అచ్చులోనూ) ఉంది. డై కోసే మనిషి, డిజైన్ గీసే మనిషి ఒకే కప్పు కింద ఉంటే వచ్చే నాణ్యత వాళ్లకు ముఖ్యం. టామియా కూడా షిజువోకా కంపెనీయే. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క మోడళ్లు చేసి, విదేశీ ప్లాస్టిక్ కిట్ల పోటీ తట్టుకోలేక 1960లో ప్లాస్టిక్‌లోకి దిగింది. ఇప్పుడు మీరు నిలబడి ఉన్నది సరిగ్గా ఆ మలుపులోనే! టామియాకి ఫిలిప్పీన్స్‌లోని సెబూలో కూడా ఫ్యాక్టరీ ఉంది. డబ్బా మీద ఫిలిప్పీన్స్ అని ఉన్నంత మాత్రాన అందులో జపాన్ నాణ్యత తగ్గిందని నాకెప్పుడూ అనిపించలేదు.

మరి చైనా కొటేషన్ ఎందుకు తక్కువ? డై వల్ల, చుట్టుపక్కల ఉన్న వాళ్ల వల్ల. డై అంటే ఇడ్లీ పాత్ర లాంటిది, చేయించుకోవడానికే ఖర్చు, తర్వాత ప్రతి వాయీ చవకే. డాంగ్వాన్‌లోనో, షాంటౌ దగ్గరి చెంగ్‌హాయ్‌లోనో డై కోసేవాడు, దానికి పాలిష్ పెట్టేవాడు, మోల్డింగ్ చేసేవాడు, డబ్బా ముద్రించేవాడు అందరూ ఒక ఆటో దూరంలో ఉంటారు. మొదటి షాట్‌లో (డైలోకి ఒకసారి ప్లాస్టిక్ కొట్టి తీయడంలో) ఎక్కడో ఫ్లాష్ (అంచుల్లో పొంగిన ప్లాస్టిక్ పొర) వచ్చిందంటే సాయంత్రానికి డై విప్పి సరిచేసి, మర్నాడు మళ్లీ తీస్తారు. మనకేమో డై హైదరాబాద్ బాలానగర్‌లో, డబ్బా విజయవాడలోనో శివకాశిలోనో, మోల్డింగ్ గాజువాకలో. ఒక ఎజెక్టర్ పిన్ (చల్లారిన భాగాన్ని డైలోంచి బయటికి తోసేది) మార్చాలంటే డైని లారీ ఎక్కించి పంపాలి. మన కొటేషన్‌లో కనిపించే తేడాలో చాలా భాగం ఈ తిరుగుడు ఖర్చే, ఈ ఆలస్యమే. అసలు ప్రపంచంలో పేరున్న కిట్లలో చాలావాటికి డెకాళ్లు ఇటలీలోని కార్టోగ్రాఫ్ ముద్రిస్తుంది. డబ్బా మీద ఒక దేశం పేరే ఉంటుంది, లోపల మూడు దేశాల పని ఉంటుంది.

ఇప్పుడు సుంకం. 70 శాతం నిజమే. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి పెంచారు. 2023 బడ్జెట్‌లో 70 చేశారు. "నావి బొమ్మలు కావు, పెద్దవాళ్లు కట్టుకునే మోడళ్లు" అంటారేమో. కస్టమ్స్ వాళ్లు సరుకును వర్గీకరించే హెచ్ఎస్ కోడ్‌లలో 9503 చదివితే అందులో ఆటబొమ్మలతో పాటు తగ్గించిన కొలతల్లో చేసిన మోడళ్లు, పజిళ్లు కూడా ఉన్నాయి. కుర్సుర కిట్ అక్కడికే వెళ్తుంది. విడి భాగాలుగా రెండు కన్‌సైన్‌మెంట్లు చేసి తెద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కలిపితే పూర్తి వస్తువు అయ్యేదాన్ని విప్పి తెచ్చినా పూర్తి వస్తువు కిందే లెక్కకడతారు, వర్గీకరణ నియమాల్లోనే అలా ఉంది. పైగా బొమ్మల విడిభాగాల మీద కూడా ఇదే రేటు, ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలకు మాత్రమే మినహాయింపు.

లెక్క వేసి చూద్దాం. కిట్ ఓడ ఖర్చు, బీమాతో కలిపి విశాఖ పోర్టుకు చేరేసరికి 700 రూపాయలు పడింది అనుకోండి. 70 శాతం అంటే 490. మొత్తం 1,190. దాని మీద జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎలక్ట్రానిక్ కాని బొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇంకో 59 రూపాయల 50 పైసలు. రిజిస్ట్రేషన్ ఉంటే జీఎస్టీ క్రెడిట్ వస్తుంది, 490 మాత్రం పోయినట్టే. కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, కంటైనర్ సగమే నింపుకుంటే సీఎఫ్ఎస్ (కంటైనర్లు విప్పి సరుకు దించే గోదాము) చార్జీలు అదనం. మన విశాఖకు చైనా నుంచి చిన్న సరుకు చాలాసార్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారి వస్తుంది. ఆలస్యమైతే డెమరేజ్ (సరుకు సమయానికి విడిపించుకోకపోతే పడే చార్జీ) టెన్షన్ వేరే.

ఇక్కడే చాలామంది చూడని విషయం ఒకటుంది. ఆ 70 శాతం పడేది కిట్ మీద. డై మీద కాదు. డై అనేది యంత్ర సామగ్రి కిందికి వస్తుంది, దాని మీద సుంకం బొమ్మల సుంకంతో పోలిస్తే చాలా తక్కువ. పాలిస్టైరీన్ గుళికల మీదా అంతే. అంటే ప్రభుత్వం గీసిన గీత "చైనా పని వద్దు" అని కాదు, "చివరి వస్తువు ఇక్కడ తయారవ్వాలి" అని. కాబట్టి మీ ముందున్నవి రెండు దారులు కావు, మూడు. డై, కిట్ రెండూ చైనాలో. డై, కిట్ రెండూ ఇక్కడ. డై చైనాలో కోయించి, ఇక్కడికి తెచ్చి, గాజువాకలో జాబ్ వర్క్‌కి (వేరేవాళ్ల షాపులో కూలికి) ఇచ్చి తీయించడం.

ఉదాహరణకు చైనాలో డై 6 లక్షలు, ఇక్కడ 9 లక్షలు అనుకుందాం. తేడా 3 లక్షలు. మొదటి దారిలో ఒక్కో కిట్‌కి సుంకం 490. ఇక్కడ తీస్తే కిట్ ఖర్చు దాదాపు అంతే అనుకున్నా, 613వ కిట్ దగ్గరే ఆ 3 లక్షల ఆదా కరిగిపోతుంది. వెయ్యి కిట్లకు సుంకమే 4 లక్షల 90 వేలు. మొదటి దారిని ఇక పక్కన పెట్టేయొచ్చు. మిగిలినవి రెండో, మూడో దారులు.

మూడో దారి నాకు నచ్చుతుంది. కాకపోతే దానికి ముందే కొన్ని మాటలు రాయించుకోవాలి. డై కొలతలు ఇక్కడి మెషిన్‌కి సరిపడాలి. మీరు ఏ షాపులో తీయిస్తారో ముందే ఖాయం చేసుకుని, ఆ మెషిన్ ఎన్ని టన్నులది, టై బార్ల (డై పట్టే చోటు చుట్టూ ఉండే కడ్డీల) మధ్య దూరం ఎంత, నాజిల్ (ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) రేడియస్ ఎంత అన్నవి డై వాళ్లకు ఇవ్వండి. డై అందంగా కోయించి తెచ్చి, ఇక్కడి 100 టన్నుల మెషిన్‌లో పట్టక మూలన పడేసిన కేసు నాకు తెలిసినవాళ్లది ఒకటి ఉంది. డై పీ20 రకం స్టీలా, ఇంకా గట్టి స్టీలా, అల్యూమినియమా అన్నది కొటేషన్‌లో రాయాలి. రెండు మూడు వేల షాట్లకు అల్యూమినియం చాలు, కానీ గాటు పడితే ప్యానెల్ గీతలు మొద్దుబారిపోతాయి. ప్లాస్టిక్ ఏదో ముందే చెప్పండి, ఎందుకంటే చల్లారాక ఎంత ముడుచుకుంటుందో దాన్నిబట్టే డై కొలత పెంచి కోస్తారు. పాలిస్టైరీన్‌కి కోసిన డైలో ఇంకోటి పోస్తే భాగాలు ఒకదాంట్లో ఒకటి కూర్చోవు. స్పేర్ ఎజెక్టర్ పిన్నులు, డై డ్రాయింగులు, క్యాడ్ ఫైళ్లు అన్నీ మీకు రావాలి. మొదటి షాట్ శాంపిల్ కొరియర్‌లో తెప్పించుకుని, కట్టి చూశాకే మిగతా డబ్బు.

డై ఎవరి పేరున ఉంది, ఎక్కడ ఉంది అన్నది కొటేషన్ అంకె కంటే పెద్ద ప్రశ్న. ఎయిర్‌ఫిక్స్ అనే కిట్ల బ్రాండు కథ దీనికి మంచి సాక్ష్యం. 2006లో ఎయిర్‌ఫిక్స్ బ్రిటన్‌లోని హంబ్రోల్ చేతిలో ఉండేది. కిట్లు మాత్రం ఫ్రాన్స్‌లోని ట్రన్ అనే ఊళ్లో హెల్లర్ ఫ్యాక్టరీలో తీయించేవారు. డైలన్నీ అక్కడే. హెల్లర్ దివాలా అంచుకి వచ్చేసరికి సరుకు ఆగిపోయింది, ఆ ఆగస్టు చివర్లో హంబ్రోల్ కూడా కుప్పకూలింది. నవంబరులో హార్న్‌బీ ఎయిర్‌ఫిక్స్‌ని కొనుక్కుంది. తర్వాత ఆ డైలను వెనక్కి తెచ్చుకోవడమే పెద్ద పనైంది. అదే ఎయిర్‌ఫిక్స్ ఆ తర్వాత చైనాలోనూ, ఇండియాలోనూ, మళ్లీ బ్రిటన్‌లోనూ కిట్లు తీయించింది. మీ అలమరలో గత పదిహేనేళ్లలో కొన్న ఎయిర్‌ఫిక్స్ డబ్బాలుంటే తిప్పి చూడండి, కొన్నిటి మీద ఇండియాలో తయారైందని ఉంటుంది. మనవాళ్లకు కిట్ తీయడం రాదు అనేవాళ్లకు అవే చూపిస్తుంటాను.

సుంకం కంటే గట్టి గోడ ఇంకొకటుంది, అదే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ). 2020లో వచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన బొమ్మకు ఐఎస్ఐ గుర్తు ఉండాల్సిందే. ఆ గుర్తు వేయడానికి బీఐఎస్ లైసెన్సు కావాలి, విదేశీ ఫ్యాక్టరీకి కూడా అంతే, బీఐఎస్ వాళ్లు అక్కడి ఫ్యాక్టరీని తనిఖీ చేశాకే ఇస్తారు. మీ వెయ్యి కిట్ల కోసం చైనాలో ఏ ఫ్యాక్టరీ ఆ తిప్పలు పడుతుంది? ఈ రెండు గోడలూ కలిసి పనిచేశాయని అంకెలే చెప్తున్నాయి. వాణిజ్య శాఖ చెప్పినదాని ప్రకారం 9503 కోడ్ కింద దిగుమతులు 2018-19లో 30 కోట్ల 40 లక్షల డాలర్లుంటే, 2021-22కి 3 కోట్ల 60 లక్షల డాలర్లకు పడిపోయాయి. పూర్ణా మార్కెట్ దగ్గర చైనా బొమ్మల దుకాణాలు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ తేడా లెక్క చూడకుండానే తెలుసు.

మీరు ఇక్కడ తయారుచేసినా ఈ ఉత్తర్వు మీకూ వర్తించొచ్చు. మీ డబ్బా మీద "14 ఏళ్లు పైబడినవారికి" అని వేస్తే సరిపోతుందని కొందరు చెప్తారు. కిట్ నిజంగా అలాంటిదైతే సరే. చిన్న చిన్న భాగాలు, కత్తి, జిగురు అవసరమయ్యే 1:350 (అసలు కొలతలో 350వ వంతు) జలాంతర్గామి ఆడుకునే బొమ్మ కాదని వాదించవచ్చు. అదే మీరు నాలుగు ముక్కలతో బిగించే చెక్క కుర్సుర చేసి, బీచ్‌లో పిల్లలకు అమ్ముతూ 14 ప్లస్ అని వేస్తే అది నిలబడదు. దానికి లైసెన్సు తీసుకోండి. ఏటికొప్పాక లక్క బొమ్మల్లాంటి జీఐ (ఫలానా ఊరి వస్తువన్న) గుర్తింపు ఉన్నవాటికి, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఇచ్చారు. లేజర్ మెషిన్ పెట్టుకున్న మనం ఆ గొడుగు కింద దూరలేం.

వియత్నాం, శ్రీలంక మీదుగా తెప్పిస్తే సుంకం తగ్గుతుందని కూడా ఎవరో ఒకరు చెప్తారు. 2020 సెప్టెంబరు 21 నుంచి కారోటార్ నిబంధనలు (వాణిజ్య ఒప్పందం కింద సుంకం తగ్గించమని అడిగే సరుకు ఎక్కడ పుట్టిందో తేల్చేవి) వచ్చాక, ఆ దేశంలో నిజంగా ఏం తయారైంది, ఎంత విలువ చేరింది అని దిగుమతిదారుడే రుజువులు దగ్గర పెట్టుకోవాలి. మీలాంటి చిన్నవాళ్లకు ఆ ఊసే వద్దు.

డ్రోన్ కిట్ల గురించి మీరు చివర్లో ఒక మాట అడిగారు. 2022 ఫిబ్రవరి 9 నుంచి డ్రోన్ల దిగుమతి నిషేధం. పూర్తిగా బిగించినదే కాదు, సగం విప్పినది, పూర్తిగా విప్పిన కిట్ రూపంలో ఉన్నది కూడా అందులోకే వస్తుంది. మోటార్లు, కంట్రోలర్ల లాంటి విడిభాగాలు తెచ్చుకోవచ్చు. పైగా మనది నౌకాదళం ఊరు, ఎగరేయడానికి స్థలమే దొరకదు. అది వదిలేయండి.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు ప్లాస్టిక్‌లోకి దిగాలా? మీ ప్రశ్నలో ఇది లేదు గానీ నాకు ముఖ్యంగా అనిపించింది ఇదే. చెక్క కిట్‌కి డై అక్కర్లేదు, ఫైలు చాలు. కానీ ప్రతి కిట్‌కీ మెషిన్ సమయం పడుతుంది. ఒక కిట్ కోయడానికి 40 నిమిషాలు, కరెంటు, లేజర్ ట్యూబు అరుగుదల, మనిషి అన్నీ కలిపి నిమిషానికి 8 రూపాయలు అనుకుంటే 320 రూపాయలు. ప్లాస్టిక్‌లో అదే కిట్ కొన్ని షాట్లలో, నిమిషాల్లో బయట పడుతుంది, గుళికలు, మెషిన్ కలిపి 30 రూపాయలు అనుకుందాం. తేడా 290. 9 లక్షల డైని 290తో భాగిస్తే 3,100 కిట్లు. అంతకంటే తక్కువ అమ్ముతారనుకుంటే లేజరే లాభం. డై 6 లక్షలకే వచ్చినా 2,000 దాటాలి. ఇందులో లేజర్ మసి తుడవడం, మాస్కింగ్ టేపు పీకడం లాంటి చేతిపని నేను కలపలేదు. అది మీ దగ్గర గట్టిగానే ఉంటుందని తెలుసు. కలిపితే లెక్క కొంచెం ప్లాస్టిక్ వైపు జరుగుతుంది.

కుర్సుర, టీయూ-142 రెంటినీ ఒకేలా చూడకండి. కుర్సుర పొడవు 91 మీటర్ల పైచిలుకు, 1:350లో 26 సెంటీమీటర్లు వస్తుంది. గుండ్రటి పొట్ట చెక్కలో పక్కటెముకలు పెట్టి పొరలు చుడితే తప్ప రాదు, కట్టేవాడికి విసుగు పుడుతుంది. ప్లాస్టిక్‌లో రెండు సగాలు చాలు, డై కూడా సులువే. మ్యూజియం చూసి బయటికొచ్చిన మనిషి కొనుక్కునే వస్తువు కూడా అదే. టీయూ-142కి రెక్కలు 50 మీటర్లు, 1:144లో 35 సెంటీమీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, అంటే ఎనిమిది. భాగాలెక్కువ, డై పెద్దది, ఖరీదెక్కువ. దాన్ని చెక్కలోనే ఉంచి, ప్రొపెల్లర్లు మాత్రం రెజిన్ త్రీడీ ప్రింట్ తీసి డబ్బాలో వేయండి. కుర్సుర మూడు ప్రొపెల్లర్లకూ ముందు అదే చేసి చూడొచ్చు, డైలో సన్నటి రెక్కలు నిండకపోవడం మామూలే.

చెక్క విషయంలో ఒక హెచ్చరిక. ఎగిరే విమానాల కిట్లకు వాడే బాల్సా ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. 2020లో చైనాలో గాలిమరల రెక్కల కోసం ఎగబడి కొన్నప్పుడు దాని ధర చుక్కలంటింది. మీ కిట్లకు 3 ఎంఎం ఎండీఎఫ్, ప్లైవుడ్ చాలు కాబట్టి బాల్సా జోలికి వెళ్లకండి.

కూలి గురించి మొదట్లో అన్నదానికి ఒక సవరణ. మన ఊళ్లో చేతిపని బలం లేదని నేను అనడం లేదు. అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో వేలమంది ఆడవాళ్లు మెషిన్ల దగ్గర కూర్చుని ప్రపంచానికి బట్టలు కుట్టి పంపుతున్నారు. ఆ ఓపిక, ఆ వేళ్ల నేర్పు మీకు పనికొచ్చేది కిట్‌లో కాదు, రంగు వేసి బిగించి గాజు పెట్టెలో పెట్టి అమ్మే కుర్సురలో. నేవీ నుంచి రిటైరైనవాళ్లు, ఆఫీసుల్లో బహుమతులిచ్చేవాళ్లు కిట్ కొనరు, అదే కొంటారు. అక్కడ గంటన్నర చేతిపని ఉన్నా దాని ధర వేరు. ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టండి. పదిమంది అయితే ఈఎస్ఐ వస్తుంది, మీ వాటా 3.25 శాతం. ఇరవైమంది అయితే పీఎఫ్, అందులో మీ వాటా 12 శాతం. రోజు కూలి మాత్రమే చూసి ధర పెడితే తర్వాత ఇవన్నీ జేబులోంచి పోతాయి.

అమెరికా సంగతి చివరికి మిగిలింది. అక్కడ 9503 మీద మామూలు సుంకం సున్నా. అందుకే ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. 2025లో అది తలకిందులైంది. చైనా సరుకు మీద అదనపు సుంకాలు ఏప్రిల్‌లో 145 శాతానికి వెళ్లి, మే మధ్యలో 30కి దిగాయి. మన సరుకు మీద ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి ఇంకో 25 కలిపి 50 అయింది. ఆ తర్వాత కూడా రేట్లు మారుతూ వచ్చాయి కాబట్టి పంపే వారంలో ఎంత ఉందో చూసుకుని ధర చెప్పండి, ఏడాది ధరల పట్టిక వెబ్‌సైట్‌లో పెట్టకండి. మీలాంటివాళ్లకు అసలు దెబ్బ వేరే చోట తగిలింది. 800 డాలర్ల లోపు పార్సెల్‌కి సుంకం లేకపోవడం అనే వెసులుబాటును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేశారు. దానికి ముందు 25 నుంచే ఇండియా పోస్ట్ అమెరికాకు చాలా రకాల పార్సెళ్లు ఆపేసి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక్క కిట్ పంపినా సుంకం ఎవరు కడతారన్నది ముందే తేల్చుకోవాలి. అవతల ఆస్టిన్‌లో ఉన్న బావగారు డెలివరీ వాడికి డబ్బు కట్టాల్సి వస్తే మళ్లీ ఆర్డర్ పెట్టరు. సుంకం మనమే కట్టి పంపే పద్ధతిలో కొరియర్ తీసుకుని, ఆ మొత్తం ధరలోనే కలిపేయండి.

చైనాలో తీసిన ఫ్రేములు తెచ్చి విశాఖలో డబ్బాలో పెడితే అమెరికా దృష్టిలో అది ఇండియా వస్తువు అవదు. ఉత్త ప్యాకింగ్‌తో పుట్టిన దేశం మారదు, మోల్డింగ్ ఎక్కడ జరిగిందన్నదే చూస్తారు. డై చైనాదైనా గాజువాకలో తీస్తే మాత్రం కిట్ మనదే.

కొరియర్‌లో ఇంకో చిక్కు, బరువు కాదు, డబ్బా సైజు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40, 30, 8 సెంటీమీటర్ల డబ్బా అయితే 1.92 కిలోలకు డబ్బు కట్టాలి, లోపల 400 గ్రాములే ఉన్నా. 32, 23, 3 సెంటీమీటర్ల పలచటి డబ్బాకి అరకిలో లోపే. డబ్బా డిజైన్ చేసేవాడికి ఇది ముందే చెప్పండి. అంగట్లో పెద్దగా కనిపించాలని గాలి నింపిన డబ్బా అమెరికాకి పనికిరాదు. ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారు) కోడ్ తీసుకుని, ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం) వేసుకుంటే ఎగుమతి మీద జీఎస్టీ కట్టక్కర్లేదు.

మీ రెండు కొటేషన్లూ ఫొటోలు పెట్టండి. వాటిలో డై స్టీలు ఏది, ఎన్ని కావిటీలు (డైలో భాగాల ఆకారపు గుంటలు), ఎన్ని షాట్లకు గ్యారంటీ, మొదటి శాంపిల్ తర్వాత ఎన్ని మార్పులు ఉచితం, డై ఎవరి సొంతం అని రాసి ఉందో లేదో చూడాలి. హైదరాబాద్ కొటేషన్ మరీ ఎక్కువ అనిపిస్తే డైలు చేసే ప్రభుత్వ సంస్థ బాలానగర్ సీఐటీడీలోనూ, ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ విజయవాడ దగ్గర సూరంపల్లి సీపెట్‌లోనూ ఇంకో రెండు తీసుకోండి. పోయిన ఏడాది చెక్క కుర్సురలు నెలకు ఎన్ని పోయాయో కూడా రాయండి. 3,100కి ఎన్నేళ్లు పడుతుందో దాన్నిబట్టే చెప్తాను.